హెచ్ఈసీలో చేరాను సార్, తేదీలు గుర్తుండటం లేదు

ప్రశ్న: సార్, మాది ఉదయగిరి దగ్గర పల్లె. ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాను. పదో తరగతిలో సోషల్ అంటే ఇష్టం ఉండి, ఇంట్లో వద్దంటున్నా హెచ్ఈసీ గ్రూపు (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకున్నాను. క్వార్టర్లీ పరీక్షలో చరిత్రకు నూటికి 43 వచ్చాయి. గైడు మొత్తం బట్టీ పట్టాను, కానీ రాసేటప్పుడు తేదీలన్నీ కలగాపులగం అయిపోయాయి. మా పిన్ని కూతురు ఎంపీసీ. "లెక్కలు రానోళ్ళే హెచ్ఈసీ చదివేది" అని నవ్వుతుంది. నాన్న లారీ డ్రైవర్. "చరిత్ర చదివి ఏం చేస్తావు, సీఈసీకి మారిపో" అంటున్నారు. పెద్ద ప్రశ్నకు నాలుగు పేజీలు రాయాలని సీనియర్లు చెప్తున్నారు, నాకు రెండు పేజీలు కూడా రావు. మా ఊరి కొండ మీద అంత పెద్ద కోట ఉంటే పుస్తకంలో దాని గురించి ఒక్క వాక్యమే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. మారిపోమంటారా?
ఒక విద్యార్థిని, ఉదయగిరి మండలం

సమాధానం:

అమ్మణ్ణీ, నీ ఉత్తరంలో కోట గురించి రాసిన ఆ ఒక్క మాట పట్టుకుని మొదలుపెడతాను. మార్కుల సంగతి, మీ నాన్న సంగతి తర్వాత చూద్దాం.

పుస్తకంలో ఉన్న వాక్యం ఇంచుమించు ఇలా ఉంటుంది: శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని జయించాడు. నువ్వు దాన్ని ఒక పేరు, ఒక ఊరు, ఒక సంవత్సరంగా విడగొట్టి బట్టీ పట్టి ఉంటావు. అలాంటి ముక్కలు ఒక పాఠంలో యాభై ఉంటాయి. ఒకదానికి ఇంకొకదానితో చుట్టరికం లేదు కాబట్టి పరీక్ష హాల్లో వాటి ఇష్టం వచ్చినట్టు అవి చోట్లు మార్చుకుంటాయి. ఇందులో నీ జ్ఞాపకశక్తి తప్పేమీ లేదు.

ఇంట్లో ఎవరైనా "నెల్లూరు పోయొస్తా" అంటే మీ అమ్మ ఏం చేస్తుంది? ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తావు, నీకు ఎవరు చెప్పారు అని అడుగుతుంది. ఆ వాక్యాన్ని కూడా అలాగే నిలబెట్టి అడుగు.

ఎక్కడో తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజుకు మీ కొండతో ఏం పని? అప్పటికి ఉదయగిరి ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. గజపతుల రాజ్యం తీరం వెంబడే దక్షిణానికి దిగుతూ పెన్న దగ్గరి దాకా వచ్చేసింది. విజయనగరానికి తూర్పు వైపున అది గుండెల మీద కుంపటి. అంతకుముందు విజయనగరాన్నేలిన సాళువ నరసింహుడు చనిపోయే ముందు, మూడు కోటలు సాధించలేకపోయానని బాధపడ్డాడని, వాటిలో ఉదయగిరి ఒకటని నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాశాడు. అంటే ఈ యుద్ధం రాయల కోరిక ఒక్కటే కాదు, ఆయన పుట్టించిన తగాదా అంతకన్నా కాదు. వారసత్వంగా వచ్చిన బాకీ అది.

ఎలా గెలిచాడు? ఆ నూనిజే చెప్తాడు. రాయల వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు. కోటలో 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు. కోట అంత గట్టిది కాబట్టి లోపల అంతకంటే ఎక్కువ మంది అక్కర్లేదట, తిండి అందకుండా చేస్తే తప్ప లొంగదట. పైకి వెళ్ళే దారి ఒకేసారి ఒక్క మనిషి మాత్రమే నడవగలిగేంత ఇరుకట. అందుకని కొండల్లో బండలు పగలగొట్టి కొత్త దారులు వేయించాడట, ఏడాదిన్నర పట్టిందట. ఇన్ని సార్లు "అట" అన్నాను చూశావా, ఆ "అట" దగ్గరే చరిత్ర మొదలవుతుంది. నూనిజ్ విజయనగరం వచ్చింది ఈ ముట్టడి జరిగిన ఇరవై ఏళ్ళకు. ఆయన కళ్ళతో చూడలేదు, ఎవరో చెబితే విన్నాడు.

ఇప్పుడు రెండో సాక్షిని పిలుద్దాం. రాయలు తిరుమల దర్శనానికి వెళ్ళిన ప్రతిసారీ ఇచ్చిన కానుకలను అక్కడి గోడల మీద చెక్కించారు. ఆ శాసనాల ప్రకారం 1513లో ఫిబ్రవరిలో ఒకసారి, మేలో ఒకసారి, జూన్‌లో ఒకసారి ఆయన తిరుమలలో ఉన్నాడు. ఆ తర్వాత 1514 జులై 6న, ఉదయగిరి గెలిచి తిరిగి వెళ్తూ, మళ్ళీ వచ్చాడు. మరి ముట్టడి ఏడాదిన్నర జరిగి ఉంటే మధ్యలో సైన్యాన్ని కొండ కింద వదిలి దేవుడి దర్శనానికి పోయొచ్చాడనుకోవాలి. లేదంటే ముట్టడి ఏడాదే జరిగి, ఇరవై ఏళ్ళ కబుర్లలో అది ఏడాదిన్నర అయ్యిందనుకోవాలి. నువ్వేమంటావు? దీనికి గైడులో జవాబు దొరకదు. నువ్వు ఆలోచించి ఏది రాసినా, ఎందుకలా అనుకుంటున్నావో చెప్పగలిగితే అదే జవాబు.

గెలిచాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు తన రాజధానికి పట్టుకుపోయి, 1515లో దానికోసం గుడి కట్టించాడు. హంపీలో కృష్ణాలయం అని చూపిస్తారే, అదే. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మీ కొండ మీద ఖాళీ గుడి, హంపీలో ఖాళీ గుడి, మద్రాసులో దేవుడు! ఓడిన రాజు దేవుణ్ణి తెచ్చి తన ఊళ్ళో పెట్టుకోవడం భక్తా, రాజకీయమా? రెండూ కావచ్చు. నాకైతే రాజకీయం పాలే ఎక్కువ కనిపిస్తుంది. ఉదయగిరి పడ్డ మరుసటి ఏడాదే గజపతుల చేతిలోని కొండవీడు కోట కూడా పడింది, అది చూస్తే మరీ అనిపిస్తుంది.

ఇప్పుడు పుస్తకం మూసేసి 1514 గుర్తుందో లేదో చూసుకో. అటు 1513లో తిరుమల, ఇటు 1515లో కృష్ణాలయం, కొండవీడు. మధ్యలోని సంవత్సరం ఎక్కడికీ పోదు.

బట్టీ చదువు మీద నేనేదో పైన కూర్చుని మాట్లాడుతున్నానని అనుకోవద్దు. లెక్చరర్‌గా మొదటి అయిదారేళ్ళు నేనూ నోట్సు చెప్పి రాయించినవాణ్ణే. ఒక ఏడాది తళ్ళికోట యుద్ధం 1565 అని చెప్పబోయి నోరు జారి 1556 అన్నాను. క్లాసంతా అలాగే రాసుకున్నారు, అలాగే బట్టీ పట్టారు. హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్దుతుంటే ఒకే జవాబు పత్రంలో రెండో పానిపట్టు యుద్ధమూ 1556లోనే, తళ్ళికోటా 1556లోనే. ఒక్క పిల్లకూ, ఒక్క పిల్లాడికీ అనుమానం రాలేదు. ఆ రోజు నుంచి నోట్సు చెప్పడం మానేశాను. మార్కులు ఎవరికి తగ్గించాలో తెలియక అందరికీ వేసేశాను, అది వేరే సంగతి.

తేదీల గురించి ఒక చిట్కా చెప్తాను, ఇది నేను అందరికీ చెప్పేదే. వరండాలో దండెం కట్టినట్టు నీకు తెలిసిన చోట్ల నుంచి ఒక దండెం కట్టుకో. మన జిల్లాల దండెం ఇలా ఉంటుంది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఒంగోలు ప్రాంతం బిడ్డ టంగుటూరి ప్రకాశం మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించాడు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశారు. అదే మనిషి 1952 అక్టోబర్ 19న మద్రాసులో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకు కూర్చుని డిసెంబర్ 15న, 58వ రోజున ప్రాణం విడిచారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఈ దండెం మీద దేశం బట్టలు ఆరేసుకో. సహాయ నిరాకరణ ఎక్కడ? పల్లిపాడు పక్కన. ఉప్పు సత్యాగ్రహం? ప్రకాశం రొమ్ము చూపించిన రెండేళ్ళకు. క్విట్ ఇండియా? మూలాపేట దీక్షకు నాలుగేళ్ళ ముందు. సంవత్సరాన్ని ఒంటరిగా వదిలితే తప్పిపోతుంది, పక్కన మనిషి ఉంటే తప్పిపోదు.

పాత కాలానికి ఇంకొకటి కావాలి. శాసనాల్లో శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే మన క్రీస్తు శకం వస్తుంది. ఉగాదికి ముందు, జనవరి నుంచి మార్చి లోపల జరిగినదైతే 79 కలపాలి. ఇంతే లెక్క. మీ పిన్ని కూతురికి చెప్పు, హెచ్ఈసీ వాళ్ళకూ కూడికలు ఉంటాయని.

శాసనాలంటే గుర్తొచ్చింది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలన్నీ పోగుచేసి 1905లో మూడు సంపుటాలు వేశారు. తాలూకాల వారీగా ఉంటాయి, ఉదయగిరి తాలూకాకూ పేజీలున్నాయి. స్కాన్ చేసిన కాపీలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషులో ఉన్నాయని భయపడొద్దు. మీ ఊరి పేరు వెతుక్కుని ఒక్క శాసనం చదువు చాలు. ఎవరో ఎవరికో చెరువు కింద పొలం ఇచ్చి ఉంటారు, దాన్ని కాజేసినవాడికి శాపనార్థాలు పెట్టి ఉంటారు. పాఠంలో "భూదానాలు" అని ఒక్క ముక్కలో చెప్పేసింది అక్కడ మనుషుల రూపంలో కనిపిస్తుంది. చదివేటప్పుడు ఒక జాగ్రత్త. పాత పుస్తకంలో నెల్లూరు జిల్లా అంటే ఇప్పటి నెల్లూరు జిల్లా కాదు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ అందులోవే. 1970లో వీటికి గుంటూరు నుంచి, కర్నూలు నుంచి కొన్ని తాలూకాలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ తర్వాత కూడా గీతలు జరుగుతూనే ఉన్నాయి. కందుకూరు వాళ్ళను మీది ఏ జిల్లా అని అడిగితే, ఎప్పుడు అని తిరిగి అడుగుతారు.

ఇక నాలుగు పేజీల బెడద. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ఏళ్ళ తరబడి పిల్లల చేతులు నొప్పి పుట్టిస్తోంది. పేపర్ వాల్యుయేషన్‌లో నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను. దిద్దేవాడి ముందు కట్టల కొద్దీ పేపర్లుంటాయి. తూకం వేసి మార్కులేసే తీరిక కూడా వాడికి ఉండదు. మొదటి నాలుగు వాక్యాల్లో నీకు విషయం తెలుసా లేదా అన్నది వాడికి అర్థమైపోతుంది. కాబట్టి ప్రశ్నలో ఏమడిగారో మొదట చూడు. "కారణాలు తెలపండి" అని అడిగితే ఆ రాజు పుట్టుక, బిరుదులు, భార్యల పేర్లతో మొదలుపెట్టొద్దు. అన్నింటికన్నా ముఖ్యమైన కారణం మొదటి పేరాలోనే చెప్పు. మిగతావి దాని బరువును బట్టి కిందకి. ఒక్కో కారణానికి ఒక్క రుజువు: ఒక సంఘటన, లేదా ఒక శాసనం, లేదా ఒక యాత్రికుడి మాట. రెండున్నర పేజీలు వస్తే ఎక్కువ. మ్యాప్ ప్రశ్న వచ్చే అవకాశం ఉంటే వదలొద్దు, వారానికి రెండు ఖాళీ మ్యాపులు నింపితే ఆ మార్కులు కూర్చున్న చోటికే వస్తాయి. ఈ ఏడాది పేపర్ ఎలా ఉంటుందో బోర్డు వాళ్ళ మోడల్ పేపర్ చూసుకో, సీనియర్ల మాట కాదు.

యాత్రికుల మాటలు వాడేటప్పుడు కొంచెం గడుసుగా ఉండాలి. కాకతీయుల పాఠంలో మోటుపల్లి వస్తుంది కదా, అది పాత ప్రకాశం జిల్లాలోనిదే, చినగంజాం దగ్గర సముద్రం ఒడ్డున. ఓడ మునిగితే కొట్టుకొచ్చిన సరుకంతా రాజుదే అనే పాత పద్ధతిని గణపతిదేవుడు మాన్పించి, ఇంత సుంకం కడితే చాలని వర్తకులకు అభయమిస్తూ 1244లో అక్కడ శాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఆ రాజ్యం గురించి రాస్తూ సాలెగూడు లాంటి సన్నని బట్టల గురించి, వజ్రాల గురించి, భర్త చనిపోయాక రాజ్యమేలుతున్న రాణి గురించి చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి. ఆమె గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. వ్యాపారికి బట్టలు సరిగ్గానే కనిపించాయి, చుట్టరికాలు మాత్రం తప్పాయి. ఇలాంటి ఒక్క వాక్యం జవాబులో పెట్టి చూడు, దిద్దేవాడు నిద్ర లేస్తాడు.

ఇంకొక పని నీకు ఇంట్లోనే ఉంది. మీకు దగ్గరే కలిగిరి మండలంలో దూబగుంట. 1992లో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, చదువుల పుస్తకంలో సారా మాన్పించిన సీతమ్మ కథ చదివి, మన ఊళ్ళో ఎందుకు జరగదని సారా అంగడి మూయించారు. వాళ్ళలో ముందు నడిచిన రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు, ఆ మరుసటి ఏడాది రాష్ట్రంలోనే సారా నిషేధించారు. మీ నాయనమ్మో అమ్మమ్మో అప్పుడు నీ కంటే కొంచెం పెద్దదై ఉంటుంది. అడుగు. మీ ఊళ్ళో ఏం జరిగింది, అంగడి ఎవరిది, ఎవరు ముందు నడిచారు, మగవాళ్ళు ఏమన్నారు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. తర్వాత పక్కింటి ముసలమ్మను అదే అడుగు. ఇద్దరూ ఒకేలా చెప్పరు. చదువు రావడం వల్ల ఉద్యమం వచ్చిందా, కూలి డబ్బులన్నీ సారాకే పోతున్నాయన్న కడుపుమంట ఎప్పటి నుంచో ఉండి చదువు దానికి నిప్పు పెట్టిందా అని నీకే ఆలోచన వస్తుంది. ఫ్రెంచి విప్లవానికి కారణాలు అని అడిగితే చేయాల్సిన పనీ ఇదే. ఊరు మారుతుంది, పని మారదు.

ఈ పేరా మీ నాన్నకు చదివి వినిపించు. అయ్యా, మీ భయం అర్థమవుతుంది. చరిత్ర చదివినంత మాత్రాన ఎవరూ ఇంటికొచ్చి ఉద్యోగం ఇవ్వరు. కామర్స్ చదివినా ఇవ్వరు. సీఈసీకి, హెచ్ఈసీకి తేడా ఒక్క సబ్జెక్టే, చరిత్ర పోయి కామర్స్ వస్తుంది. సివిక్స్, ఎకనామిక్స్ రెండింట్లోనూ ఉంటాయి. పాపకు లెక్కల పుస్తకాలు, జమాఖర్చులు నిజంగా ఇష్టమైతే ఇప్పుడే మార్పించండి, పరీక్షల ముందు కాదు. పక్కింటి మాట కోసమైతే వద్దు. ఈ గ్రూపుతో ఇంటర్ తర్వాత లాసెట్ రాసి అయిదేళ్ళ లా కోర్సులో చేరొచ్చు. బీఏ, బీఈడీ చేసి డీఎస్సీలో సోషల్ టీచర్ పోస్టుకు పోవచ్చు. గ్రూప్-2 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ చరిత్ర, సంస్కృతి, రాజ్యాంగం కలిపి 150 మార్కుల పేపర్ ఉంది. దాని కోసం డిగ్రీ అయ్యాక వేలకు వేలు పోసి కోచింగ్ తీసుకునే ఇంజనీరింగ్ పిల్లలు నాకు చాలా మంది తెలుసు. వాళ్ళు అప్పుడు మొదలుపెట్టేది మీ పాప ఇప్పుడే మొదలుపెట్టింది. పురావస్తు శాఖ, మ్యూజియాలు అంటారు గానీ అక్కడ ఉద్యోగాలు తక్కువ, దాని మీదే ఆశ పెట్టుకోమని నేను చెప్పను. ఒక్కటి మాత్రం చేయించండి. రోజూ అరగంట ఇంగ్లీషు పేపర్ చదివించండి, వీలైతే కంప్యూటర్ నేర్పించండి. అవి లేకపోతే ఏ గ్రూపు చదివినా దారి ఇరుకే, మీ ఉదయగిరి కోట దారిలాగా.

మీ పిన్ని కూతురికి జవాబు చెప్పాల్సిన పని లేదమ్మణ్ణీ. ఎంపీసీ మొదటి ఏడాది ఆ పిల్ల ఎంత టెన్షన్ పడుతోందో నీకు తెలియదు. నవ్వనీ.

చివరగా, కోట. గోల్కొండ నవాబుల కాలం నాటి మసీదులు, అంతకుముందువి శిథిలమైన గుళ్ళు, అన్నీ ఒకే కొండ మీద ఉన్నాయి. 1839లో కుట్ర నేరం మోపి అక్కడి జాగీర్దారుణ్ణి ఇంగ్లీషువాళ్ళు చెంగల్పట్టుకు పంపేశారు, అంటే ఆ కోట కథ రాయలతో అయిపోలేదు. వచ్చే ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరు, ఒక్కదానివే వెళ్ళొద్దు, మీ నాన్నను తీసుకెళ్ళు. నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళు. గోడల మీద పేర్లు చెక్కిన మహానుభావులు కనిపిస్తారు, వాళ్ళలో కలవొద్దు. ఎక్కేటప్పుడు ఒక్కో మలుపు దగ్గర ఆగి, పైన ఉన్నవాడికి నువ్వు కనిపిస్తావా లేదా చూసుకో. తిండి పైకి ఎటునుంచి వచ్చి ఉంటుంది, నీళ్ళు ఎక్కడ దొరికి ఉంటాయి, చూడు. దిగొచ్చాక ఆ ముట్టడి ఏడాదిన్నర అన్న నూనిజ్ మాట నమ్ముతావో, తిరుమల గోడలను బట్టి ఏడాది అంటావో ఒకటిన్నర పేజీ రాసి నాకు పంపు. ఎర్ర సిరా పెన్ను ఇంకా పారేయలేదు.